గోల్ఫ్ ఆడి రిటైరయ్యాక కోర్సు డిజైనర్‌గా బతకవచ్చా? గుంటూరు నుంచి వచ్చిన ప్రశ్నకు నా సమాధానం

ప్రశ్న అడిగిన వారిది గుంటూరు, మిర్చి వ్యాపారం. అబ్బాయికి 19 ఏళ్ళు, సివిల్ ఇంజనీరింగ్ రెండో ఏడు. హైదరాబాద్‌లో అమ్మమ్మగారింటికి వెళ్ళినప్పుడల్లా గోల్ఫ్ ఆడటం అలవాటైంది, చేయి బాగా తిరిగింది. ఇప్పుడు చదువు మానేసి ప్రొఫెషనల్ అవుతానని, పదిహేనేళ్ళు ఆడి ఆ తర్వాత పెద్ద ఆటగాళ్ళలాగా కోర్సులు, అంటే గోల్ఫ్ ఆడే మైదానాలు, డిజైన్ చేస్తానని అంటున్నాడట. "ఇది జరిగే పనేనా? డిగ్రీ మానిపించమంటారా?" అని అడిగారు.

సూటిగా చెప్తానండీ. జరిగే పనే. నూట డెబ్బై ఏళ్ళుగా జరుగుతున్న పని. కానీ డిగ్రీ మాత్రం మానిపించకండి. ఆటలో పేరొచ్చినా రాకపోయినా రేపు అతన్ని డిజైనర్‌గా నిలబెట్టేది ఇప్పుడు చదువుతున్న సర్వేయింగ్, సాయిల్ మెకానిక్స్, హైడ్రాలిక్సే. చేతిలో ఉన్న ఆ మూడింటినీ వదిలేసి, ముప్పై ఐదేళ్ళకు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాల్సిన పరిస్థితి తెచ్చుకోకూడదు.

నా గురించి రెండు మాటలు. మాది తెనాలి దగ్గర పల్లె. బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ ఏజీ చేశాను. 24 ఏళ్ళుగా గోల్ఫ్ కోర్సులు కట్టడం, గడ్డి పెంచడం, పాడైన గ్రీన్లు (జెండా, గుంట ఉండే పొట్టి గడ్డి చోట్లు) తవ్వి మళ్ళీ వేయడం ఇదే నా పని. అందులో పదేళ్ళు, టోర్నమెంట్లు ఆడి రిటైరై డిజైనర్‌గా మారిన ఒక ప్రొఫెషనల్ దగ్గర పనిచేశాను. ఆయన గీసింది నేలమీదకు తేవడం నా బాధ్యత. కాబట్టి మీ అబ్బాయి వెళ్ళాలనుకుంటున్న దారిని పక్క నుంచి చూసినవాణ్ణి.

ముందు మీ అబ్బాయికి ఓల్డ్ టామ్ మోరిస్ గురించి చెప్పండి. స్కాట్లాండ్ వాడు, 1821లో పుట్టాడు. బ్రిటిష్ ఓపెన్‌ను 1861, 1862, 1864, 1867లో నాలుగుసార్లు గెలిచాడు. కార్నూస్టీ, మ్యూర్‌ఫీల్డ్ లాంటి కోర్సుల్లో ఆయన చేయి ఉంది. కానీ ఆయన అసలు ఉద్యోగం గడ్డి చూసుకోవడం. ప్రెస్ట్‌విక్‌లో 1851 నుంచి, తర్వాత సెయింట్ ఆండ్రూస్‌లో దశాబ్దాల తరబడి గ్రీన్‌కీపర్‌గా ఉన్నాడు. గ్రీన్ల మీద ఇసుక చల్లితే గడ్డి బలంగా వస్తుందని పట్టుకున్నది ఆయనే అంటారు. ఇప్పటికీ మేం చేసేది అదే పని, మిషన్‌తో చేస్తున్నాం, అంతే తేడా. ఆయన దగ్గర పని నేర్చుకున్న డొనాల్డ్ రాస్ 1899లో అమెరికా వెళ్ళి అక్కడ నాలుగు వందల దాకా కోర్సులు వేశాడు. పైన్‌హర్స్ట్ నంబర్ 2 ఆయనదే. రాస్ కూడా ఆటగాడే, గ్రీన్‌కీపరే. అప్పట్లో ఈ రెండూ వేరువేరు మనుషులు చేసే పనులు కావు.

ఆ తర్వాత ఆటగాళ్ళు టోర్నమెంట్లకు, గ్రీన్‌కీపర్లు షెడ్డుకు పరిమితమయ్యారు. అక్కడి నుంచి కథ మారింది. మంచి డిజైనర్లుగా మారిన చాంపియన్లలో చాలామంది పక్కన మట్టి తెలిసినవాడో, డ్రాయింగ్ తెలిసినవాడో ఒకడున్నాడు. బాబీ జోన్స్ అమెరికాలో అగస్టా నేషనల్ కోర్సు వేయాలనుకున్నప్పుడు (ఆయన పోటీల నుంచి రిటైరయ్యేదాకా అమెచ్యూరే, అంటే ప్రైజ్ డబ్బు తీసుకోని ఆటగాడు) డిజైనర్ డాక్టర్ అలిస్టర్ మెకంజీని తెచ్చుకున్నాడు. జాక్ నిక్లాస్ 18 మేజర్లు (గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద నాలుగు టోర్నమెంట్లను అలా అంటారు) గెలిచినవాడు. ఆయన కూడా మొదట డిజైనర్ పీట్ డై పక్కన ఉండి హార్బర్ టౌన్‌లో పని నేర్చుకున్నాడు, 1969లో. మ్యూర్‌ఫీల్డ్ విలేజ్ దగ్గర డెస్మండ్ మ్యూర్‌హెడ్ సాయం తీసుకున్నాడు. టామ్ వైస్కాఫ్ 1973 బ్రిటిష్ ఓపెన్ విజేత, ఆయనకు జే మోరిష్ తోడు. రెండుసార్లు మాస్టర్స్ టోర్నమెంట్ గెలిచిన బెన్ క్రెన్‌షా, బిల్ కూర్‌తో కలిసి 1985లో ఆఫీసు పెట్టాడు. ఇద్దరూ కలిసి నెబ్రాస్కాలో శాండ్ హిల్స్ వేసేటప్పుడు ఆ ఇసుక దిబ్బల మీద తిరిగి తిరిగి వందకు పైగా హోల్స్ (మొదటి షాట్ కొట్టే చోటు నుంచి జెండా దాకా ఉండే ఒక్కో భాగం) వెతికిపెట్టుకుని, అందులోంచి 18 ఏరుకున్నారు. మట్టి తవ్వింది చాలా తక్కువ.

మన దేశానికి వస్తే పీటర్ థామ్సన్ పేరు చెప్పాలి. ఆస్ట్రేలియా ఆటగాడు, ఐదు బ్రిటిష్ ఓపెన్లు. 1964లో మన మొదటి ఇండియన్ ఓపెన్ గెలిచింది ఆయనే, తర్వాత 1966లో, 1976లో కూడా. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్ కోర్సును మార్చి దిద్దింది ఆయన. బెంగళూరులో కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సు ఆయన డిజైనే. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచిన అదితి అశోక్ చిన్నప్పుడు ఆట మొదలుపెట్టింది ఆ ప్రాంగణంలోనే. మనవాళ్ళలో ప్రొఫెషనల్ గోల్ఫర్ జీవ్ మిల్ఖా సింగ్ అహ్మదాబాద్ దగ్గర కెన్స్‌విల్ కోర్సు డిజైన్ చేశాడు. అంటే మన దేశంలో ప్రొఫెషనల్ ఆటగాడు డిజైనర్ కావడం కొత్త కాదు.

ఇక అసలు సంగతి, నీళ్ళు.

కోర్సు డిజైన్ అంటే బొమ్మ అనుకుంటారు చాలామంది. ఇక్కడ బంకర్ (ఇసుక గుంట), అక్కడ చెరువు, దూరంగా జెండా. నేను చూసినంతలో ఈ పనిలో ముప్పాతిక భాగం వాననీరు ఎటు పోవాలో తేల్చడమే. ఒక 18 హోల్స్ కోర్సుకు దాదాపు 150 ఎకరాలు కావాలి. అంత నేల మీద గంటలో రెండంగుళాల వాన కురిస్తే ఆ నీళ్ళన్నీ ఎక్కడికో చేరాలి. మన విజయవాడ వాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ఊళ్ళోకి వచ్చింది, ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. కాగితం మీద మీటరు తేడా ఎంత చిన్నదిగా కనిపిస్తుందో, నేల మీద ఆ మీటరు ఎన్ని ఇళ్ళు ముంచుతుందో అప్పుడు కళ్ళారా చూశాం.

మా ప్రొఫెషనల్ గారితో జరిగింది ఒకటి చెప్తాను. మంగళగిరి వైపు ఒక పెద్ద లేఅవుట్ వాళ్ళు మూడు హోల్స్ ప్రాక్టీస్ కోర్సు కావాలన్నారు. అంతా నల్లరేగడి. మేలో చూస్తే నెర్రెలు, అరచేయి నిలువునా దిగిపోతుంది. ఆయన ఒక పల్లపు చోట నిలబడి, "గ్రీన్ ఇక్కడే. వెనక తాటిచెట్లు, బంతి గాల్లో ఉన్నంతసేపూ కనిపిస్తుంది" అన్నారు. చూపు విషయంలో ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నాకు అలాంటి చూపు లేదు. నేను మాత్రం, "సార్, ఒక్క వాన పడనివ్వండి" అన్నాను.

జూన్ మూడో వారంలో రాత్రి వాన. పొద్దున్నే ఐదున్నరకు ఇద్దరం రబ్బరు బూట్లేసుకుని వెళ్ళాం. నా చేతిలో రెండు కిలోల ముగ్గుపిండి. నీళ్ళు నిలిచిన ప్రతి గుంట చుట్టూ, నీటి అంచు వెంబడే గీత పోసుకుంటూ నడిచాను. ఎనిమిదింటికి ఎండ వచ్చేసరికి కొన్ని గుంటలు ఇంకిపోయాయి, గీతలు మిగిలాయి. ఆయన గ్రీన్ అన్న చోట మాత్రం మధ్యాహ్నం దాకా మోకాలి కిందికి నీళ్ళే. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గ్రీన్‌ను నలభై అడుగులు తూర్పుకు జరిపి, ఆ పల్లాన్ని చెరువుగా తవ్వించి, ఆ మట్టితోనే గ్రీన్ దిమ్మె ఎత్తు చేయించారు. తాటిచెట్లు అలాగే వెనక ఉన్నాయి, పైగా నీళ్ళలో నీడ కూడా పడుతోంది. ఆ రోజు నుంచి ఏ సైటుకు వెళ్ళినా ఒక వాన చూడకుండా రూటింగ్ (ఏ హోల్ ఎక్కడ, ఏ వరసలో అనే ప్లాను) ఖాయం చేసేవారు కాదు.

చదునైన నేలలో ఇదే పద్ధతి. అమెరికాలో టీపీసీ సాగ్రాస్ కోర్సును పీట్ డై చిత్తడి నేలలో వేశాడు, 1980లో తెరిచారు. 17వ హోల్ చుట్టూ మంచి ఇసుక దొరికితే మిగతా హోల్స్ కోసం తవ్వుకుంటూ పోయారు, చివరికి పెద్ద గొయ్యి మిగిలింది. దాన్ని నీళ్ళతో నింపి మధ్యలో గ్రీన్ పెట్టమని ఆయన భార్య ఆలిస్ డై సలహా ఇచ్చింది. టీవీలో మీ అబ్బాయి చూసే ఆ ద్వీపం గ్రీన్ అలా పుట్టింది.

ఇసుక సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేది ఇక్కడే. గ్రీన్ అంటే పైన కనిపించే గడ్డి కాదు. అమెరికా గోల్ఫ్ అసోసియేషన్ 1960లో మొదటిసారి ప్రచురించిన పద్ధతి ప్రకారం అడుగున పైపులు, వాటిపైన 4 అంగుళాల కంకర, ఆపైన 12 అంగుళాల ఇసుక మిశ్రమం. ఆ ఇసుకలో కనీసం 60 శాతం రేణువులు పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్య ఉండాలి. ఇసుక మరీ సన్నమైతే నీళ్ళు దిగవు, వేళ్ళు కుళ్ళుతాయి. మరీ లావైతే నీళ్ళు ఆగవు, గడ్డి ఎండిపోతుంది. కృష్ణ ఇసుక ఇళ్ళు కట్టడానికి బంగారం, కానీ టిప్పర్ దించింది దించినట్టు గ్రీన్‌కు పనికిరాదు. జల్లెడ పట్టాలి, ల్యాబ్‌కు పంపాలి.

ల్యాబ్‌కు పంపే ముందు నేను సీసా పరీక్ష చేస్తాను. లీటరు నీళ్ళ సీసాలో మూడోవంతు ఇసుక పోసి, నీళ్ళు నింపి, బాగా ఊపి, బల్ల మీద పెట్టేయడమే. ఇసుక నిమిషంలోపే దిగుతుంది. దానిపైన బూడిదరంగు పొరలా పేరుకునేది ఒండ్రు. గంట గడిచినా నీళ్ళు టీలాగా మురికిగా ఉంటే బంకమట్టి ఉందని అర్థం, ఆ లోడు వెనక్కి పంపాల్సిందే. వేరే రాష్ట్రంలో ఒక సైటులో నేను సెలవుపై ఉన్న వారంలో కాంట్రాక్టరు సీసా కూడా ఊపకుండా మూడు గ్రీన్లకు ఇసుక నింపేశాడు. పైకి పచ్చగా బాగానే వచ్చాయి. రెండో వర్షాకాలానికి నాచు పట్టి, మనిషి నడిస్తే కాలి ముద్రలు పడేవి. మూడూ తవ్వి పారేశాం. డ్రాయింగ్‌లో తప్పేమీ లేదు. కానీ మెంబర్లు తిట్టింది డిజైనర్‌నే, ఎందుకంటే బోర్డు మీద ఉన్నది ఆయన పేరు.

గడ్డి విషయానికొస్తే, మనలాంటి వేడి ప్రాంతాల్లో గ్రీన్ల మీద పరిచేది మన గరికకు చుట్టమే. వినాయకుడికి పెట్టే గరికనూ, ఆఫ్రికా గరిక జాతినీ కలిపి అమెరికాలోని టిఫ్టన్‌లో తయారుచేసిన రకాలు. టిఫ్‌డ్వార్ఫ్, టిఫ్‌ఈగిల్ అని పేర్లలో టిఫ్ అని ఉండేది అందుకే. గింజ ఉండదు, తీగ ముక్కలు నాటాలి. ఆ పనికి నేనెప్పుడూ వరి నాట్లు వేసే ఆడవాళ్ళనే పిలుస్తాను. వరస తప్పకుండా, లోతు తప్పకుండా వాళ్ళు నాటినట్టు ఇంకెవరూ నాటలేరు. ఉప్పునీళ్ళున్న తీరప్రాంతమైతే పాస్పాలమ్ అనే వేరే రకం.

తీరం అంటే గుర్తొచ్చింది. బాపట్లలో చదివేటప్పుడు ఆదివారాలు సూర్యలంక వెళ్ళేవాళ్ళం. ఆ సరుగుడు తోటల ఇసుక నేలలు చూసినప్పుడు పంటకు పనికిరాని నేల అనుకునేవాణ్ణి. స్కాట్లాండ్‌లో గోల్ఫ్ పుట్టింది సరిగ్గా అలాంటి నేలలోనే. సముద్రానికీ సాగుభూమికీ మధ్యనుండే ఇసుక పర్రలను లింక్స్ అంటారు. ఎంత వాన పడ్డా క్షణాల్లో ఇంకిపోతుంది కాబట్టి అక్కడ ఏడాదంతా ఆడగలిగారు. మీ అబ్బాయిని ఒకసారి వానాకాలంలో పొద్దున్న సూర్యలంక ఇసుకలో, మధ్యాహ్నం గుంటూరు పక్క రేగడి చేలో నడిపించండి. ఈ రెండింటి తేడా కాళ్ళకు తెలిస్తే సాయిల్ మెకానిక్స్ పాఠం సగం అర్థమైనట్టే.

మరి ఆటగాడిగా ఉండటం వల్ల లాభమేమీ లేదా అంటే, చాలా ఉంది. షాట్ ఎక్కడ పడితే తర్వాతి షాట్ ఎటు తెరుచుకుంటుందో, గాలి ఎదురైతే మనిషి మనసు ఎటు లాగుతుందో ప్రొఫెషనల్‌కు ఒంట్లో ఉంటుంది. మా సార్ టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) మీద నిలబడి కళ్ళు సగం మూసి, "ఇక్కడ భయం వేయాలి, కానీ దారి కనిపించాలి" అనేవారు. పుస్తకం చదివితే వచ్చే విద్య కాదది.

దాని వెనకే ఒక ప్రమాదం కూడా ఉంది. బాగా ఆడేవాడు తనలా ఆడేవాడి కోసం గీస్తాడు. నిక్లాస్ మొదటి కోర్సుల మీద కూడా ఈ విమర్శ వచ్చింది, ఎత్తుగా లేచి కుడివైపు మెల్లగా వంగే ఆయన సొంత షాట్‌కే అనుకూలంగా ఉన్నాయని. ప్రొఫెషనల్ కొడితే బంతి 300 గజాలు పోతుంది. క్లబ్‌కు చందా కట్టి రోజూ వచ్చే యాభై ఏళ్ళ మెంబరు 200 గజాలు కొడితే గొప్ప, ఆయన భార్య 150 కొడుతుంది. 220 గజాల దగ్గర అడ్డంగా కాలువ పెడితే ప్రొఫెషనల్‌కు అది కనపడను కూడా కనపడదు. మెంబరుకు ప్రతి రోజూ బంతి నీళ్ళపాలే. అలాంటి కాలువ ఒకటి మేం కట్టి, ఏడాది తిరగకుండా పూడ్చాం. గ్రీన్ వాలు కూడా అంతే. జెండా పెట్టే చోట వాలు మూడు శాతం దాటిందంటే, గడ్డి బాగా పొట్టిగా కోసిన రోజు బంతి ఆగదు. మీ అబ్బాయి నిజంగా డిజైనర్ కావాలనుకుంటే నెలకొక్కసారైనా బాగా ఆడలేని పెద్దవాళ్ళతో పూర్తి రౌండు నడవాలి. ఆడటం కాదు, వాళ్ళ బ్యాగు మోస్తూ చూడాలి.

డబ్బు గురించి మీరు అడగలేదు కానీ, తండ్రిగా మీ మనసులో ఉండే ఉంటుంది. మన దేశంలో ప్రొఫెషనల్ టూర్, అంటే ఏడాది పొడవునా సాగే టోర్నమెంట్ల వరస, పీజీటీఐ (ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా), 2006 నుంచి ఉంది. క్వాలిఫయింగ్ స్కూల్ అనే అర్హత పోటీ దాటాలి, దాటాక కూడా టోర్నమెంట్‌లో కట్ (మధ్యలో స్కోరు చూసి చేసే వడపోత) దాటకపోతే ఆ వారం ప్రైజ్ మనీ సున్నా. ప్రయాణం, బస, క్యాడీ (బ్యాగు మోసే మనిషి) ఖర్చు మాత్రం తప్పదు. ఇక డిజైన్ వైపు. టూర్ మీద గెలిచిన పేరుంటే సంతకానికే ఫీజు ఇస్తారు, దాన్నే సిగ్నేచర్ కోర్సు అంటారు. పేరు లేకపోతే పని చూపించి సంపాదించుకోవాలి. ఇది రియల్ ఎస్టేట్‌తో ముడిపడ్డ రంగం. 2008లో ఆర్థిక సంక్షోభం వచ్చాక అమెరికాలో కొత్త కోర్సులు దాదాపు ఆగిపోయాయి, పెద్ద పెద్ద పేర్ల ఆఫీసులే చిన్నవైపోయాయి. మాకు కూడా ఒక డెవలపరు రూటింగ్ తీసుకుని రెండో విడత డబ్బు ఎగ్గొట్టాడు. అప్పటి నుంచి మొదటి విడత బ్యాంకులో పడనిదే సర్వే రాళ్ళు కూడా పాతను. ఇప్పుడు నాకు వచ్చే పనిలో ఎక్కువ భాగం పాత కోర్సులు బాగుచేయడమే. సివిల్ డిగ్రీ ఉన్నవాడికి ఈ మధ్య ఖాళీల్లో డ్రైనేజీ, రోడ్లు, లేఅవుట్ల పని దొరుకుతుంది. నేను డిగ్రీ మానొద్దంటున్నది ఇందుకు కూడా.

మరి ఇప్పుడేం చేయాలి? డిగ్రీ అయ్యేదాకా అమెచ్యూర్‌గానే ఆడనివ్వండి, టోర్నమెంట్లకు పంపండి. ఆ రెండేళ్ళలో తన ఆట ఎంతదో స్కోరుకార్డే చెప్తుంది, మీరూ నేనూ చెప్పక్కర్లేదు. సెలవుల్లో ఏదైనా క్లబ్‌లో గడ్డి, నేల చూసుకునే సూపరింటెండెంట్ దగ్గర నెల రోజులు ఉండమనండి. తెల్లవారకముందే మాలీలతో వెళ్ళి గ్రీన్లు కోయడం, హోల్ మార్చడం, పైపు పగిలితే తవ్వడం చేయాలి. డిగ్రీ అయ్యాక టూర్‌కు ప్రయత్నిస్తానంటే ఐదేళ్ళు గడువు పెట్టుకుని వెళ్ళమనండి. ఆ ఐదేళ్ళూ ఆడిన ప్రతి కోర్సులో ఒక హోల్‌ను నోట్‌బుక్కులో గీసుకోవాలి, నీళ్ళు ఎటు పోతున్నాయో బాణం గుర్తులతో సహా. మా సార్ దగ్గర అలాంటివి పదకొండు నోట్‌బుక్కులు ఉండేవి. ఫారిన్ వెళ్ళే స్తోమత ఉంటే యూరోపియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గోల్ఫ్ కోర్స్ ఆర్కిటెక్ట్స్ వాళ్ళ శిక్షణ ఉంది. మన విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ల్యాండ్‌స్కేప్ మాస్టర్స్ ఉంది కానీ అది ఆర్కిటెక్చర్ చదివినవాళ్ళకు. ఆ విద్యార్థులతో స్నేహం చేసుకుంటే మాత్రం మంచిది. రేపు ఆఫీసు పెడితే డ్రాయింగ్ వేసే జోడీ అక్కడే దొరకవచ్చు.

బుల్‌డోజర్ నడిపే షేపర్‌ను కూడా చిన్నచూపు చూడకూడదని ముందే చెప్పండి. డిజైనర్ కాగితం మీద గీసిన వంపును బ్లేడుతో నేల మీద తెచ్చేది అతనే. నేను పనిచేసిన మంచి షేపర్లలో ఒకాయన పదో తరగతి కూడా చదవలేదు. కానీ లెవెల్ పెట్టి చూస్తే అంగుళం తేడా వచ్చేది కాదు.

వచ్చే నెలలో మాకు ఒక పాత గ్రీన్ తవ్వి పైపులు మార్చే పని ఉంది, ఇరవై రోజులు పడుతుంది. మీకు అభ్యంతరం లేకపోతే అబ్బాయిని పంపండి. భోజనం, వసతి మా క్యాంపులోనే. నేల ఎత్తుపల్లాలు కొలిచే డంపీ లెవెల్ పట్టుకోవడం నేర్పిస్తాను, మిగతా సమయం కంకర కడగాలి, పైపులు మోయాలి. గోల్ఫ్ కిట్ వద్దు, రబ్బరు బూట్లు తెచ్చుకోమనండి.